మూడు వేళ్ల నోరు

మొదటిరోజు నా నోట్ల ఒక్క వేలే పట్టింది.
"మూడు పట్టాలె సైదమ్మా" అన్నది సుమయ్యా డాక్టరమ్మ,
పొట్టి స్కేలు పండ్ల నడుమ నిలబెట్టి చూసి
పందొమ్మిది అని రాసుకున్నది.
పందొమ్మిది మిల్లీమీటర్ల సందుల నుంచి
జావ పోతది, మాట పోదు.

పీకింది కింది వరుసల ఆఖరి పన్ను.
అడ్డం పండుకొని ముందటి పన్ను నడుముల తన్నుతుండె,
సీటు కోసం కొట్లాడే పాసింజరు తీరు.
జ్ఞానదంతం అంటరట.
"ఉన్న జరంత జ్ఞానం గూడ పీకించుకున్నవా" అని
డిపోల డ్రైవర్ ఉప్పలయ్య ఇకిలించిండు.
నవ్వుదామంటే దవడ ఒప్పుకోలే.

రామగిరిల ఆమె దవాఖాన, మేడ మీద.
నల్లటి అద్దాలు నా కండ్లకు పెట్టింది.
పెన్నంత గొట్టం, కొసకు ఎర్రటి చుక్క.
బుగ్గ మీద ఒక తావు, చెవి కింద ఒక తావు,
లోపల, కుట్ల పక్కన ఇంకో తావు.
ప్రతి తావుకు అరవై అంకెలు.
కాల్తదని పిడికిలి బిగవట్టిన.
కాలలే.
చురుక్కుమనలే, చల్లగ లేదు, వాసన లేదు.
మా అవ్వ ఉప్పు వేయించి గుడ్డల మూటగట్టి కాపుతుండె,
అది పని చేస్తున్నట్టు తోలుకు తెలుస్తుండె.
ఇది ఏం చేస్తున్నదో ఎవలకెరుక?

టికెట్ కాయితం వెనక రాసి చూపిచ్చిన:
"వెలుగుతోని పుండు మానుతదా?"
డాక్టరమ్మ దాచలే.
"కొందరికి వాపు జల్ది దిగుతది, నొప్పి తగ్గుతది.
కొందరికి ఏం తేడా కనపడదు.
మానేది నీ ఒళ్లే.
దానికి ఇది జరంత తోడు, అంతే."
అబద్ధం చెప్పుంటే
ఇంకో రెండు వందలు సంతోషంగ ఇచ్చేదాన్ని.

నా పండ్లు చూసి మాత్రం ఏం అడగలే.
మా ఊరి బోరునీళ్లు గీసిన గోధుమ గీతలు
నల్గొండల ఏ పండ్ల డాక్టరుకైనా చదువ వస్తయి.
వాటిని దాచనీకి ముప్పై ఏండ్లు
పెదవులు మూసే నవ్విన.
ఇప్పుడు తెరువుమంటే రాకపాయె.

లీవు రెండు దినాలు. మూడోనాడు డ్యూటీ.
చండూరు మీదుగ మర్రిగూడ బండి.
తలకు తువ్వాల, ఒక బుగ్గ పొంగిన బూరె.
రైట్ అనలేను, హోల్డాన్ అనలేను.
విజిల్ ఊదొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది,
గుంతల గడ్డకట్టిన నెత్తురు కదులుతదట.
రూపాయి బిళ్లతోని కడ్డీ మీద కొట్టిన,
ఒక్కటి కొడితే ఆగు, రెండు కొడితే నడువు.
ఉప్పలయ్య మొదటి రెండు స్టేజీలు దాటేసి
తిట్లు తిన్నడు. నా తిట్లు గూడ ఆయనకే పడ్డయి.

అప్పుడు లేచింది ఎల్లిపాయల బుచ్చమ్మ.
"అంగడిపేట! దిగేటోళ్లు ముందుకు రాండ్రి!"
వెనక సీట్ల కాలేజి పోరడొకడు అందుకున్నడు.
తర్వాత ఎవలో ముసలాయిన, దగ్గుకుంట.
పదకొండేండ్లు నేను సగం నమిలి ఊంచిన ఊర్ల పేర్లు
ఆ పొద్దు నిండుగ విన్న.
చండూరుల ఒక దీర్ఘం ఉన్నదని
నాకు సోయే లేదు.

మళ్ల పోయిన. మళ్ల ఎర్ర చుక్క, మళ్ల అరవై.
ఈసారి ఇరవై ఎనిమిది. రెండు వేళ్లు.
ఇది లైటు పనా, దినాల పనా
అని రాద్దామని కాయితం తీసి
మళ్ల మడిచి జేబుల పెట్టుకున్న.

తొమ్మిదోనాడు మూడు వేళ్లు పట్టినయి, కొద్దిగ బిగువుగ.
క్లాక్ టవర్ కాడ బండి నిండింది.
నోరు తెరిచిన,
గోధుమ గీతలన్నీ ఎండకు పెట్టి,
"చండూరూ, చండూరూ, చండూరూ..."
గంప సర్దుకుంట బుచ్చమ్మ అన్నది:
"ఇగ చాలు తీ, చెవులు పలుగుతున్నయి.
నా జీరో టికెట్ కొట్టు."